కుర్చీ కింద కొయ్య చీలలు

పేము నీళ్లలో నానుతుంటే ఒక వాసన వస్తుంది. వానకు తడిసి మధ్యాహ్నపు ఎండకు ఆరుతున్న వరిగడ్డి వాసనకు దగ్గరగా ఉంటుంది, కాస్త చేదు ఎక్కువ. ఈ పొద్దున మా మేడ మీద నీలం బకెట్‌లో పేము బద్దలు నానబెట్టాను. పక్కనే ఒక టేకు కుర్చీ నాలుగు కాళ్లూ పైకి పెట్టుకుని బోర్లా ఉంది. దాని సీటు అల్లిక నడుమ తెగి, చేయి పట్టేంత కంత పడింది. మళ్లీ అల్లాల్సింది నేనే. నాకు అల్లిక నేర్పిన మనిషి ఇప్పుడు లేరు. ఆయన ఉన్న రోజుల్లో ఈ కుర్చీని సరిగ్గా చూసే అవకాశం నాకు దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే. చూడండమ్మా అని ఆయన అడిగితే అక్కర్లేదన్నాను.

ఆయన పేరు మస్తాన్ సాయిబు. గూడూరులో నిమ్మకాయల మార్కెట్ వెనక సందులో, రేకుల పంచ కింద కూర్చుని పేము కుర్చీలు అల్లేవారు. సన్నటి మనిషి, గళ్ల లుంగీ, మెడలో తువ్వాలు. ఎన్ని కుర్చీల మధ్య ఉన్నా కూర్చునేది మాత్రం నేల మీదే. అల్లేటప్పుడు, తర్వాత వాడబోయే బద్ద ఆరిపోకుండా పళ్ల మధ్య పట్టుకునేవారు. అందుకని ఆయన మాటలు నోటికి ఒక పక్క నుంచే వచ్చేవి. ఏదైనా గట్టిగా చెప్పాలనుకున్నప్పుడు మాత్రం బద్దను నోట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకునేవారు. ఆయన బద్ద తీశారంటే చెవులు రిక్కించి వినాలని నాకు తొందరగానే అర్థమైంది. వాళ్ల నాన్న హుస్సేన్ సాయిబు వడ్రంగి. తండ్రి చట్రం చేస్తే కొడుకు సీటు అల్లేవాడు. తండ్రి పోయాక మస్తాన్ గారికి కొత్త చట్రాలు రావడం ఆగిపోయింది, పాతవాటి చిరుగులే మిగిలాయి.

నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది ఒక చెత్తకుప్ప. అప్పట్లో నెల్లూరులో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసేదాన్ని. మా లైబ్రరీకి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చిన రోజున పాత టేకు కుర్చీలను సైకిల్ షెడ్డు వెనక విసిరేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత పదీ పదిహేనేళ్లలో, దేశమంతా కొత్త ఆఫీసులూ కాలేజీలూ కడుతున్న కాలంలో తయారైన కుర్చీలవి. నగిషీలు లేవు, సింహం పాదాలు లేవు. సన్నటి టేకు చట్రం, పేము సీటు, పక్క నుంచి చూస్తే తెరిచిన కత్తెరలా కనిపించే కాళ్లు. మా వైపు వాటిని కత్తెర కుర్చీలనే అంటారు. రెండింటిని ఇంటికి మోసుకొచ్చాను. మా అత్తగారు వాటి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఆఫీసోళ్లు పారేసింది మన కొంపకి తెచ్చినావా తల్లీ" అన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకు పెద్ద నగరాల్లోనూ పై దేశాల్లోనూ ఆ పారేసిన సరుకు మీద మోజు పుట్టింది. మోజు వెనకే నకళ్లూ పుట్టాయి. ఏది అసలుదో ఏది నకలో తేల్చి చెప్పేవాళ్లు కావాల్సి వచ్చింది. అలా తేల్చేవాళ్లలో నేనూ ఒకదాన్నయ్యాను. నాకు చూపు ఇచ్చింది మాత్రం మస్తాన్ గారు.

మొదటిసారి ఆయన ముందు పెట్టిన కుర్చీ నాయుడుపేటలో ఒక పాత సామాన్ల కొట్లో దొరికింది. టేకు నల్లబడి, వెనక పట్టీ మీద తెల్ల రంగుతో ఆఫీసు నంబరు కూడా వేసి ఉంది. నిధి దొరికినట్టు సంబరపడి, సీటు అల్లించుకుందామని ఆటోలో గూడూరు తీసుకెళ్లాను. ఆయన దాన్ని ముందు నుంచి చూడనే లేదు. రెండు కాళ్లు పట్టుకుని గిరుక్కున బోర్లించారు. సీటు చట్రం అడుగున బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆ వేలు వాసన చూసుకుని, నా ముందు పెట్టారు.

"ఏం వాసనమ్మా?"

"టీ వాసనా?" అన్నాను అనుమానంగా.

"టీనే. డికాషన్‌లో ముంచినారు. పడుచు కుర్చీని ముసిల్దాన్ని చేసేదానికి ఎన్ని తిప్పలు పడినారో చూడండి పాపం" అని పక్క నోటితో నవ్వారు. "నంబరు కూడా ఏసినారే! ఏసినోడికి దండం పెట్టాల."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్కడే నిలబడి ఆ కొట్టువాణ్ణి నానా మాటలూ అన్నాను. నేను అలిసిపోయేదాకా ఆయన అల్లుకుంటూనే ఉండి, చివరికి బద్దను నోట్లోంచి తీశారు. "వాణ్ణి తిడితే ఏమొస్తాదమ్మా? ఇంకోసారి ఎవురన్నా కుర్చీ చూపిస్తే ముందు బోర్లించండి. కూచునేది తర్వాత. పైన అందురూ తుడస్తారు, కింద ఎవురూ తుడవరు. నిజమంతా ఆడ్నే ఉంటాది."

ఆ తర్వాత ప్రతి ఆదివారం గూడూరు బండి ఎక్కడం అలవాటైంది. అల్లిక నేర్చుకుంటానంటే ఆయన నమ్మలేదు, నా గోళ్లు చూసి నవ్వారు. నాలుగు వారాలు బద్దలు చీల్చడమే పని పెట్టారు. వేళ్లు తెగితే పసుపు అద్ది మళ్లీ కూర్చోబెట్టారు. చేతులు పని చేస్తుంటే పాఠాలు వాటంతటవే నడిచేవి. అసలు కుర్చీకి అరుగుదల ఒక్కచోటే ఎక్కువ ఉంటుందట, నకలుకు అంతటా సమానంగా గీకిపెడతారట. "మనిషి అన్నిచోట్లా ఒక్కమాదిరి కూచోడు గదమ్మా. ఒకడు ఒరుగుతాడు, ఒకడు ఎనక్కి నూక్కుంటాడు, ఒకడు లేచేటప్పుడు చెయ్యి మీద బరువేస్తాడు. కొత్తగా గీకేవోడికి అదంతా యాడ తెలస్తాది?" అనేవారు. నన్ను కళ్లు మూసుకోమని కుర్చీ చేతుల మీద నా అరచేతులు జరిపించి, ఇక్కడ ఎవరు కూర్చున్నారో చెప్పమనేవారు. నేను ఏదో ఒకటి చెబితే, "మీరు కథలు రాసుకోండమ్మా, బాగుంటాది" అని ఆట పట్టించేవారు.

మనుబోలు వెళ్లిన రోజు మాత్రం మరిచిపోలేను. అక్కడ ఒక పెద్దావిడ ఇంటి వసారాలో కత్తెర కుర్చీ ఒకటి ఉందని తెలిసి ఇద్దరం బస్సులో వెళ్లాం. మస్తాన్ గారు అడిగి అనుమతి తీసుకుని కుర్చీని బోర్లించారు, కాసేపు వేళ్లతో తడిమారు, తర్వాత ఆవిడ ముందు నేల మీద చతికిలపడి, "దీంట్లో ఎవురు కూచునేవాళ్లక్కా?" అన్నారు. ఆవిడ భర్త పోస్టుమాస్టరట. కుడికాలు వాపు, ఎప్పుడూ ఎడమ పక్కకు ఒరిగి కూర్చునేవాడట. మస్తాన్ గారి బొటనవేలు అప్పటికే ఎడమ చేతి పట్టె చివర, నున్నగా అరిగిన చోట ఉంది. అసలుదే అని తేలిపోయింది. నేను లేవబోయాను. ఆవిడ మాత్రం ఆపలేదు. భర్త వైద్యం, కొడుకు పెళ్లి, గేదెకు జబ్బు, అన్నీ వచ్చాయి. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన అన్నీ వింటూ "ఊ" కొడుతూనే ఉన్నారు. గంటన్నర తర్వాత మేం గడప దిగుతుంటే ఆవిడ వెనక నుంచి, "అన్నట్టు, ఎనక కాలు ఒకటి విరిగితే మారిపించినామయ్యా, అదేమన్నా ఇబ్బందా?" అంది.

తిరుగు బస్సులో ఆయన నోట్లో బద్ద లేదు, ఉండుంటే తీసి ఉండేవారు. "చూసినారా అమ్మా. చెప్పేవోళ్లు చెప్పేది అయిపోయిందాకా ఉండాల. ముందు చెప్పేదంతా బెదురు. ఆఖర్లో వచ్చేదే మనకి కావాల్సింది." అప్పుడు నేను బుద్ధిగా తల ఊపాను. తల ఊపడానికి కష్టమేముంది!

నా పేరు బయటికి పాకడం ఆ తర్వాతే మొదలైంది. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు వచ్చేవి. ఫలానా కుర్చీ అసలుదా కాదా అని చెబుతూ సంతకం పెట్టి ఇవ్వడానికి ఒక కాగితం తయారు చేసుకున్నాను. కలప, నంబరు, అరుగుదల, చేసినవారు, ఆధారం, ఇలా వరసగా గళ్లు ఉండేవి. 'చేసినవారు' అన్న గడిలో ఎప్పుడూ 'తెలియదు' అనే రాయాల్సి వచ్చేది. ఏ ఊరి వడ్రంగి ఏ కుర్చీ చేశాడో ఎవరు రాసిపెట్టారు కనుక? 'ఆధారం' గడిలో మాత్రం నా ప్రతాపమంతా ఉండేది. కత్తెర కుర్చీలు వందకు పైగా బోర్లించి చూశాక నేను ఒక సూత్రం కనిపెట్టాను. అసలైన వాటికి, కాళ్లు సీటును కలిసేచోట, అడుగున నాలుగు ఇనుప స్క్రూలు ఉంటాయి. ఎక్కడ చూసినా నాలుగే, ఎక్కడ చూసినా ఇనుమే. దీని గురించి ఒక పత్రికలో వ్యాసం కూడా రాశాను. నలుగురూ మెచ్చుకున్నారు. కళ్లు నెత్తికెక్కాయి. ఆ వ్యాసంలో మస్తాన్ గారి పేరు రాయలేదు. అడిగితే, "నా పేరెందుకమ్మా" అనే అంటారని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అడగనే లేదు.

అలాంటి రోజుల్లో ఆ బంగళా కబురు వచ్చింది. గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున, ఎప్పుడో మూతపడిన ఒక మైకా కంపెనీ వాళ్ల విడిది బంగళా అది. వారసులు అమ్మకానికి పెట్టారు. అందులో ఆరు కత్తెర కుర్చీలు ఉన్నాయట, ఆరూ ఒకేచోట. ఇలాంటి కుర్చీలు సేకరించి ఒక పెద్ద హాలులో అందరూ చూసేలా పెడుతున్న హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన వాటి కోసం వచ్చారు. నేను అసలువని రాస్తే ఆరింటినీ విడదీయకుండా తీసుకెళ్తారు, ఒక్కోదాని పక్కన దాని వివరాలు రాసిపెడతారు. కారులో నాతో పాటు మస్తాన్ గారు కూడా వచ్చారు. రమ్మని నేను పిలవలేదు. విషయం తెలిసి ఆయనే, "నేనూ వస్తానమ్మా" అన్నారు. అంతకు ముందెప్పుడూ ఆయన అలా అడగలేదు.

దారిలో చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుని, "అమ్మా, మీ కాగితంలో చేసినోళ్ల పేరు రాసే చోటుంటాదంటిరే" అన్నారు.

"ఉంటుంది. తెలిస్తేగా రాయడానికి."

"ఆ బంగళా కుర్చీలు మా నాయన చేసినవి. ఆరూ ఆయనే చేసినాడు. సీట్లు నేనల్లినా." చేతిసంచిని ఒళ్లోకి లాక్కున్నారు. "మా నాయన పేరు యాడా రాసి లేదమ్మా. రేషన్ కార్డులో కూడా తప్పు పడింది. గోరీ మీద రాయి ఏయించలేకపోతిమి. మీ కాగితంలో ఎక్కితే..." అని, ఏదో అడగరానిది అడిగినట్టు నవ్వేశారు.

"చూద్దాం మస్తాన్ గారూ" అన్నాను, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

సరుగుడు తోపు దాటితే బంగళా. వరండా నుంచి సముద్రం కనిపిస్తుంది. కిటికీ ఊచలు తుప్పుకు పొరలు పొరలుగా రాలుతున్నాయి, తలుపు బందులు చేత్తో ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. అవన్నీ నా కళ్లతో నేను చూశాను. చూసి కూడా నా బుర్రకు ఎక్కలేదు. ఆరు కుర్చీలూ హాల్లో వరసగా పెట్టి ఉన్నాయి. మస్తాన్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. నేను చకచకా వెళ్లి మొదటిదాన్ని బోర్లించాను. నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట నాలుగు కొయ్య చీలలు ఉన్నాయి. రెండోది బోర్లించాను, అదే. ఆరింటికీ అదే. ఎక్కడా ఇనుము ముక్క లేదు.

"ఏమంటారు మేడమ్?" అన్నారు హైదరాబాదు పెద్దమనిషి.

"నకళ్లు. బాగా చేసినవే, కాదనను. అసలువి ఎక్కడో చూసి చేయించుకుని ఉంటారు."

మస్తాన్ గారు ముందుకు వచ్చారు. "అట్ట కాదమ్మా. ఇవి మా నాయన చేసినవే. ఇది ఉప్పు గాలి గదా, ఈడ ఇనుము నిలబడదు. పడవలోళ్లు చీలలు కొట్టినట్టు..."

"మస్తాన్ గారూ, అసలువాటికి స్క్రూలు ఉంటాయి. మీకూ తెలుసు."

"ముందు స్క్రూలే అమ్మా, అయితే..." అని ఆయన మళ్లీ మొదలుపెట్టి, నా మొహం చూసి, చేతిసంచిలో చేయి పెట్టారు. "ఒక్క చీల తొలిచి చూపిస్తా. ఒక్కటే. చూడండమ్మా."

"అక్కర్లేదు" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మీ నాన్న మీద ప్రేమతో చెబుతున్నారు మీరు. ప్రేమను బట్టి కాగితం రాయలేం కదా."

హైదరాబాదు పెద్దమనిషి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయన ముందు నేను ఎంత నిక్కచ్చి మనిషినో అనిపించుకోవడమే నాకు ముఖ్యమైంది. మస్తాన్ గారి మీద అనుమానం ఉండి కాదు అలా అన్నది. నిజం కావచ్చేమో అని లోపల ఎక్కడో తట్టింది కూడా. కానీ అది నిజమైతే నా సూత్రం పోతుంది, అచ్చయిన వ్యాసం పోతుంది. ఆయన మాట అబద్ధమైపోతే నాకు సులువుగా ఉండేది. అందుకని అబద్ధం చేసేశాను.

ఆయన సంచిలోంచి చేయి ఖాళీగా తీసుకున్నారు. "సరే మేడమ్" అన్నారు. అప్పటిదాకా ఎప్పుడూ నన్ను మేడమ్ అనలేదు. తర్వాత నేను బోర్లించి వదిలేసిన ఆరు కుర్చీలనూ ఒక్కొక్కటే లేపి నిలబెట్టారు. మెడలో తువ్వాలు తీసి, ఒక్కో సీటూ తుడిచి, కారు దగ్గరికి నడిచారు.

పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాట అయితే రాజీ పడటానికి ఒక దారి ఉంటుంది. ఆయన ఎప్పటిలాగే నేను పంపిన కుర్చీలు అల్లారు, ఎప్పటికంటే చక్కగా అల్లారు. ఆదివారాలు వెళితే చాప వేశారు, టీ తెప్పించారు. కానీ నోట్లోంచి బద్ద తీయడం మానేశారు. ఏదైనా కుర్చీ చూపించి ఇది ఎలా ఉంది మస్తాన్ గారూ అంటే, "మీరు చూసినారు గదా మేడమ్, మీరు చెప్తే సరే" అనేవారు, నోటి పక్క నుంచి. మళ్లీ ఒక్కసారి అమ్మా అని పిలుస్తారేమోనని ఎదురుచూసేదాన్ని. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా ఎదురుగా కూర్చున్నాక, అడిగితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందనిపించి, పేము సరిగ్గా దొరుకుతోందా, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి అని పిచ్చి ప్రశ్నలు వేసి లేచి వచ్చేదాన్ని. రెండేళ్లు అలా గడిచాయి. ఒక వారం జ్వరంతో ఆయన పోయారు. అప్పుడు నేను బెంగళూరులో ఎవరికో కుర్చీలు చూసి పెడుతున్నాను. కబురు మూడో రోజున తెలిసింది. గూడూరు వెళ్లేసరికి పంచ కింద బకెట్ ఉంది, అందులో పేము బద్దలు నీళ్లన్నీ ఇంకిపోయి ఎండి కర్రల్లా ఉన్నాయి.

పోయిన నెల ఆయన కూతురు షంషాద్ మా ఇంటికి వచ్చింది. గూడూరులో బట్టలు కుడుతుంది. ఆటోలో నుంచి ఒక కుర్చీ దింపింది. "నాయన దీన్ని పానం మాదిరి చూసుకునేవాడు. మా పిల్లోళ్లు ఎక్కి దూకి సీటు చించేసినారు. మీకు అల్లిక నేర్పినాడు గదా, మీరే అల్లాల" అంది. చూడగానే గుర్తుపట్టాను. బంగళా కుర్చీ. నేను నకళ్లని తేల్చాక హైదరాబాదు ఆయన ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు, వారసులు బంగళా పడగొట్టించారు, కాపలావాడు సామాన్లు అడిగినవాళ్లకల్లా ఇచ్చేశాడు. మస్తాన్ గారికి ఎవరో చెబితే బస్సులో వెళ్లారట. ఆరింటిలో ఒక్కటే దక్కింది. బస్సు మీద వేసుకుని వచ్చి లోపలి గదిలో పెట్టుకున్నారు. నేను ఆదివారాలు టీ తాగుతూ కూర్చున్న పంచకూ ఆ గదికీ మధ్య ఒక గోడే అడ్డం. నాకు ఒక్కమాట చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

పిల్లల గెంతులకు ఒక చీల వదులైంది. కుర్చీని బోర్లించి, వేళ్లతో పట్టుకుని కదిలిస్తే చేతిలోకి వచ్చేసింది. కన్నంలోకి టార్చి వేసి చూశాను. లోపలంతా నల్లగా ఉంది. టేకులో ఇనుము తుప్పు పడితే చెక్క అలా నల్లబడుతుంది, ఆ నలుపు ఏం చేసినా పోదు. కన్నం అడుగున స్క్రూ మొన ఒకటి విరిగి అక్కడే ఉండిపోయింది. షంషాద్‌ను అడిగి రెండో చీల తొలిచాను. అక్కడా అదే నలుపు. ముందు స్క్రూలే బిగించారు. ఉప్పు గాలికి తుప్పు పట్టి, చెక్కను తినేస్తుంటే వాటిని లాగేసి ఆ కన్నాల్లోనే కొయ్య చీలలు కొట్టారు. 'ముందు స్క్రూలే అమ్మా, అయితే' అని ఆయన మొదలుపెట్టిన మాటలో మిగతా సగం ఇది. మనుబోలు బస్సులో ఆయన చెప్పింది ఆఖరి మాట దాకా ఉండమనే. ఆయన ఆఖరి మాటను నోట్లో ఉండగానే నేను తుంచేశాను. ఆ పిల్ల ముందే ఏడ్చాను. ఆమెకు ఏమీ అర్థం కాక మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

మిగతా ఐదింటి కోసం ఆ సముద్రపు ఒడ్డు పల్లెకు వెళ్లాను. వల బాగు చేసుకుంటున్న ఒకాయన్ని అడిగితే వెంటనే గుర్తుపట్టాడు. "ఆ కాళ్లు కత్తెర మాదిరి ఉండే కుర్చీలా? బో గట్టియ్యి. తుపాను అప్పుడు కట్టెలన్నీ తడిసిపోతే నరికి పొయ్యిలో పెట్టుకున్నాం అందురం. బాగా మండినాయి" అన్నాడు. నా మొహం చూసి వల పక్కన పెట్టాడు. "ఏం మేడమ్, మంచియ్యా అవి?"

"మంచివే అన్నా" అన్నాను. ఆ ఊళ్లో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. చెప్పాల్సిన రోజున నేనే మంచివి కావన్నాను, ఇక వాళ్లను అనడానికి ఏముంది?

ఇప్పుడు కూడా కుర్చీలు చూస్తున్నాను. వ్యాసంలో రాసింది తప్పని అదే పత్రికకు రాశాను, ఈసారి మస్తాన్ గారి పేరుతో సహా. ఎవరింటికి వెళ్లినా ఇంటివాళ్లు కంగారుపడేలా కుర్చీలు బోర్లించే అలవాటు పోలేదు. ఎవరైనా మా తాత చేశాడు, మా అమ్మ కొనింది అని మొదలుపెడితే, గేదె జబ్బు దాకా వెళ్లినా సరే, నేల మీద కూర్చుని వింటాను. గడియారం తీసి సంచిలో వేసుకుంటాను. తొలిచి చూపిస్తానని ఎవరైనా అంటే "చూపించండి" అంటాను. ఒక్క మాట. ఆ రోజు నాకు అది రాకపోయింది.

నిన్న ఆ కుర్చీకి కాగితం రాసి షంషాద్‌కు ఫోన్ చేశాను. చెప్పిందంతా వింది. తర్వాత, "నాయన ఉండంగా రాసుంటే నేనే చదివి ఇనిపించేదాన్ని గదమ్మా. నాయనకు చదువు రాదు" అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఉన్నా నేను పడేదాన్ని. కాగితం తెచ్చి ఇవ్వనా అని అడిగాను. "మాకెందుకమ్మా? కుర్చీకే అంటించండి. కింద అంటించండి. నాయన చూసేది ఆడ్నే గదా" అంది.

బద్దలు నానాయి. అల్లిక పూర్తయ్యాక ఆమె చెప్పినచోటే అంటిస్తాను. చేసినవారు అన్న గడిలో హుస్సేన్ సాయిబు, వడ్రంగి, గూడూరు అని ఉంది. ఆధారం అన్న గడిలో నల్లబడిన కన్నాల గురించి, విరిగిన స్క్రూ మొన గురించి రాయబోయి ఆగాను. అవి ఉన్నా లేకపోయినా ఆ రోజు నమ్మాల్సింది వేరే. ఆయన కొడుకు మస్తాన్ సాయిబు చెప్పిన మాట, అని రాసి సంతకం పెట్టాను.